సాలీడు భయం: సిడ్నీ వెళ్లేలోపు తగ్గాలంటే

సిడ్నీ వెళ్లేలోపు సాలీడు భయం ఎలా తగ్గించుకోవాలని అడిగారు. సాలీడు ఫొటో కనబడగానే ఫోన్ తిప్పేస్తున్నానన్నారు కదా, భయం తగ్గకపోవడానికి కారణం అదే. తప్పించుకున్న ప్రతిసారీ ‘పారిపోబట్టే బతికాను’ అని మెదడు నేర్చుకుంటుంది.

1. ఒక్కో మెట్టుగా చూడటం అలవాటు చేసుకోండి: గీసిన బొమ్మ, ఫొటో, వీడియో, ఆపైన మూత బిగించిన సీసాలో చిన్న సాలీడు. ఈ వరుస తప్పొద్దు.

2. భయానికి 100కి మార్కులు వేయండి. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే: 80లో ఉండగానే లేచిపోతారు. 40కి దిగేదాకా కదలకండి, అరగంటైనా సరే. చూపు తిప్పకుండా సాలీడు కాళ్ల మీది నూగు, కళ్ల వరుస గమనించండి. మర్నాడు మళ్లీ అదే మెట్టు.

3. సిడ్నీలో ఇంటి గోడ మీద కనబడే పెద్ద సాలీడు సాధారణంగా హంట్స్‌మన్ అనే రకం. అరచేయంత ఉంటుంది, ప్రాణాపాయం లేదు. వెడల్పాటి డబ్బా బోర్లించి, కింద అట్ట దూర్చి బయట వదలాలి. ప్లాస్టిక్ సాలీడుతో ఇప్పుడే అలవాటు చేసుకోండి.

4. ఫనెల్‌వెబ్ అనే విషపు సాలీడు వేరు. కరిస్తే వెంటనే అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి. విరుగుడు 1981 నుంచి ఉంది.