వ్యాను వెనక బుల్లెట్ కట్టుకుని వస్తానన్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాం. టెంపో ట్రావెలర్‌లో మంచం, పొయ్యి, సింకు అన్నీ పెట్టించావు. మన వంటింట్లో సింకు కంటే అదే బాగుందని మీ అత్తయ్య రెండు రోజుల్నుంచి నన్ను సాధిస్తోంది. సంక్రాంతికి దాని వెనక బుల్లెట్ వేలాడదీసుకుని వస్తానన్నావు చూడు, ఈ ఉత్తరం దాని గురించే. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని వదిలేస్తావు.

బండి తేవడం మంచి ఆలోచనే. కోనసీమలో హైవే దిగితే చాలా చోట్ల కాలవ గట్టే రోడ్డు. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చిందంటే వ్యాను పక్కకి తీయడానికి చోటుండదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఆ జనంలోకి వ్యాను ఎక్కడ దూరుస్తావు? దూరంగా పెట్టి బండి మీద వెళ్ళడమే సుఖం. కానీ బుల్లెట్ మాత్రం వద్దు.

నీ బుల్లెట్, అదే ఆ క్లాసిక్ 350, బరువు 195 కిలోలు. దాన్ని మోసే ఇనప చట్రం ఇంకో 45 అనుకో. మొత్తం 240. ముగ్గురు మనుషుల బరువేగా అంటావు. ఆ ముగ్గురూ లోపల కూర్చుంటే ఒక లెక్క, వెనక వేలాడితే ఇంకో లెక్క. వ్యాను ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు, బండి ఉండేది వెనక ఇరుసుకి 2 మీటర్ల అవతల అనుకుందాం. అప్పుడు వెనక ఇరుసు మీద వ్యాను ఊగుడు బల్లలా వెనక్కి ఒరుగుతుంది గనక, వెనక చక్రాల మీద పెరిగేది 240 కాదు, 360 కిలోలు. పైన వచ్చిన ఆ 120 ముందు చక్రాల మీంచి లేచినదే. ముందు తేలికైతే స్టీరింగ్ పట్టు పోతుంది, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే ముందు చక్రాలు జారతాయి. నమ్మకం లేకపోతే దారిలో ఏ రైసు మిల్లు కాటా దగ్గరైనా ఆపి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి తూయించు. బండి దించి ఒకసారి, ఎక్కించి ఒకసారి. వెనక చక్రాలు కూడా అలాగే తూయించి, ఆ ఇరుసు ఎంత మోయగలదో వ్యాను కాగితాల్లో చూసుకో. లోపల నీళ్ళ ట్యాంకు నింపాక తూయించాలి సుమా, ఖాళీగా కాదు.

స్ప్లెండర్ అయితే 112 కిలోలు. టీవీఎస్ ఎక్సెల్ 100 మోపెడ్ అయితే తొంభై కిలోల లోపే. మా లంకల్లో అరటి గెలలు, గడ్డి మోపులు, పాల క్యాన్లు అన్నీ మోసేది ఎక్సెలే. దాని మీద తిరగడం నీకు నామోషీ అయితే నేనేం చెప్పలేను.

కాదు, బుల్లెట్టే కావాలంటే చిన్న ట్రైలర్ చూసుకో. బరువు చాలావరకు దాని చక్రాలే మోస్తాయి. బండిని ట్రైలర్ ఇరుసుకి కాస్త ముందుగా నిలబెట్టి, మొత్తం బరువులో పదో వంతుకి తగ్గకుండా వ్యానుకి తగిలించే కొక్కెం మీద పడేలా చూడాలి. వెనక్కి జరిగిందా, స్పీడులో తోకాడిస్తుంది. దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక రివర్స్ సంగతి. ట్రైలర్ కుడికి వెళ్ళాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. అది హైదరాబాదులో ఏ ఖాళీ మైదానంలోనో నేర్చుకుని రా, ఇక్కడ గట్టుకి రెండు పక్కలా నీళ్ళే.

చట్రమే పెట్టిస్తే బంపర్‌కి కాదు, చాసిస్‌కి బిగించాలి. ముందు ఆర్టీవో ఆఫీసులో అడుగు. కంపెనీ ఇచ్చిన తీరు మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. వెనక తలుపుకి బండి అడ్డం పడకూడదు, ప్రమాదం వస్తే బయటపడే దారి అదే. లైట్లు, నంబర్ ప్లేటు కనబడాలి. సైలెన్సర్ పొగ బండి టైరుకి తగలకూడదు.

కట్టడానికి నైలాన్ తాడు వాడకు, అది సాగుతుంది. పిడి ఆడిస్తే బిగుసుకునే రాచెట్ బెల్టులు నాలుగు కొను. ముందు రెండూ హ్యాండిల్‌కి కాకుండా, దాని కింద ఫోర్కులు పట్టి ఉంచే ఇనప దిమ్మెకి వేయి. షాకబ్జార్లు సగం దిగేదాకా లాగు, పూర్తిగా అణిచేస్తే ఆయిల్ సీళ్ళు పోతాయి. సైడ్ స్టాండ్ ఎత్తి ఉంచు. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఆగి ఒకసారి, సిద్ధాంతం వంతెన దాటాక ఇంకోసారి బెల్టులు చేత్తో పట్టి చూడు. వంతెన అతుకుల మీద కుదుపులకి కొంచెం వదులవుతాయి.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, వ్యాను వెనక మా బావమరిది బండి కట్టుకుని అంతర్వేది బయల్దేరాను. నర్సాపురం రేవుకి వచ్చేసరికి గోదావరి పాటు మీద ఉంది. నీళ్ళు దిగిపోయి రేవు ఏటవాలుగా ఉంది. ముందు చక్రాలు పంటు (బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవ) పలక ఎక్కగానే ముక్కు పైకి లేచింది, వెనక చట్రం రేవులో గుచ్చుకుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. పంటు మీద జనమంతా నా వైపే. చివరికి నలుగురు దిగి బెల్టులు విప్పి, బండిని ఎత్తి పక్కన పెడితే గానీ వ్యాను కదల్లేదు. ఇనప కమ్మీ అప్పడంలా వంగింది, బండి సైలెన్సర్ సొట్ట పడింది. ఆ సొట్ట గురించి మా బావమరిది ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నలుగురికీ చెబుతాడు.

అందుకని నువ్వూ ఆ దారిన అంతర్వేది వెళ్తే, రేవు దగ్గర ముందే బండి దించి, విడిగా ఎక్కించు. నువ్వు అంతర్వేది వెళ్ళి వచ్చాక మంచినీళ్ళతో బండి కడిగి చైనుకి ఆయిల్ వేయి, సముద్రపు ఉప్పు ఊరుకోదు.

నేరుగా ఇంటికి వస్తే మన సందులోకి వ్యాను రాదు. కాలవ వంతెన దగ్గర రావిచెట్టు కింద ఆపు, నేను అక్కడికి వస్తాను. బండి దించుకునే పలక మర్చిపోకు. కిందటిసారి మన అరుగు బల్లతో దించి విరగ్గొట్టావు, మీ అత్తయ్య ఇంకా మర్చిపోలేదు.

మీ మావయ్య
రాజోలు