రబ్బర్ మౌంట్ ఇంజన్ బండికి ఎగ్జాస్ట్ బ్రాకెట్ మళ్లీ మళ్లీ విరుగుతుంటే

రబ్బర్ల మీద కూర్చున్న ఇంజన్ బండికి కస్టమ్ సైలెన్సర్ పెట్టిస్తే, దాన్ని పట్టే బ్రాకెట్ మందం రేకుతో చేయించినా విరుగుతోందని ఒకరు అడిగారు. లోపం బ్రాకెట్‌ది కాదు, బిగించిన చోటుది. సైలెన్సర్ వెనక కొసను నేరుగా ఫ్రేమ్‌కి బోల్ట్ చేశానన్నారు. ఇంజన్ రబ్బర్ల మీద ఊగుతుంది, ఫ్రేమ్ ఊగదు. ఆ తేడా అంతా బ్రాకెట్ మీద పడుతోంది. మందం రేకుతో చేయించినా విరిగింది అందుకే. ఇంకా మందం పెంచితే ఈసారి విరిగేది పైపును ఇంజన్ హెడ్‌కి పట్టి ఉంచే స్టడ్, అది ఇంతకన్నా పెద్ద తలనొప్పి.

1. గేర్‌బాక్స్ కూడా ఇంజన్‌తో కలిసి కదిలే బండైతే, బ్రాకెట్‌ని గేర్‌బాక్స్ కేసింగ్‌కి మార్చండి. పైపు మొత్తం ఇంజన్‌తో పాటే ఊగాలి.

2. కుదరకపోతే ఫ్రేమ్‌కే పెట్టండి, కానీ మధ్యలో రబ్బర్ బుష్, దాని లోపల స్టీల్ స్లీవ్ (బోల్ట్ దూరే చిన్న గొట్టం) ఉండాలి. స్లీవ్ లేకపోతే బోల్ట్ బిగించగానే రబ్బర్ నలిగిపోయి, ఉన్నా లేనట్టే.

3. చాలామంది వదిలేసేది బిగించే వరుస. కొత్త గాస్కెట్ వేసి అన్నీ వదులుగా ఎక్కించండి. ముందు పైపు హెడ్‌కి కలిసే ఫ్లాంజ్ నట్లు, ఇటొకసారి అటొకసారి, కొంచెం కొంచెంగా, మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు బలానికి). తర్వాత క్లాంపులు. బ్రాకెట్ ఆఖరున.
బ్రాకెట్ బోల్ట్ వేలితో తోస్తే చాలు, రంధ్రంలోకి దిగాలి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తిపట్టాల్సి వస్తే బిగించకండి. రంధ్రాన్ని ఆకురాయితో పొడవు చేయండి, లేదా సందులో వాషర్లు వేయండి.

4. స్టార్ట్ చేసి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా) చూడండి, ఊపు ఎక్కువ అక్కడే. పైపు ఫ్రేమ్‌కి ఎక్కడా తగలకూడదు.

ఇంజన్ రబ్బర్లు పగిలి ఉంటే మాత్రం ముందు అవి మార్చాకే ఇదంతా.