పానగల్లులో ఒక పూట కూర్చోండి

ఎక్కడికెళ్లినా అదే గుడి, అదే డ్యాం, అదే ఫొటో, ప్రయాణమంటేనే విసుగొచ్చిందని మీరు రాశారు. అలవాటయ్యాక మొదటి సంబరం తగ్గడం సహజమే. కానీ నాగార్జునసాగర్, దేవరకొండ కోట, సోమశిల ఒకే సెలవులో చుట్టేస్తే ఏం చూసినట్టు?

ఈసారి ఒక్క చోటికే వెళ్లండి. నల్లగొండను ఆనుకునే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా నిలిచే ఉంటుంది. సూర్యుడు జరిగినా అది జరగదు! మంటపంలోని స్తంభాల అమరికలోనే ఉంది కిటుకంతా. చదివి వదిలేయకండి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి, ఆ నీడ ఎలా పడుతోందో మీరే తేల్చండి. ఎంత ఆనందంగా ఉంటుందో! నడుమ ఆ ఊళ్లోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలు చూడండి. సాయంత్రం ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడవండి. ఫోను సంచిలోనే ఉంచండి.