0.5 మి.మీ. డ్రిల్ బిట్లు పుటుక్కున విరుగుతున్నాయి, మంచివి ఎక్కడ కొనాలి?

తమ్ముడూ, హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో, డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలింజన్ నమూనా చేస్తున్నావు, చేతికడ్డీలకు రంధ్రాలు పెడుతుంటే ఆన్‌లైన్‌లో కొన్న పది బిట్లలో ఆరు రెండు రోజుల్లోనే విరిగాయి, హన్మకొండలో ఎవరిని అడిగినా 1 మి.మీ. కంటే సన్నవి లేవంటున్నారు, ఇదే కదా నీ బాధ. మాది కాజీపేట. నేను కూడా మొదట చేసింది ఆ ఇంజనే, నా డబ్బాలో విరిగిన ముక్కలు ఇంకా ఉన్నాయి.

షాపు సంగతి తర్వాత చెప్తాను. ముందు నువ్వు చేత్తో తిప్పుతున్నావా, మోటారుతో తిప్పుతున్నావా అన్నది చూసుకో, ఏ బిట్ కొనాలో దాన్ని బట్టే ఉంటుంది. నువ్వు పెట్టిన ఫొటోలో బిట్ల పిడి లావుగా ఉంది, దానికి రంగు ప్లాస్టిక్ రింగు ఉంది. అవి కార్బైడ్ బిట్లు, సర్క్యూట్ బోర్డులకు రంధ్రాలు వేసే మెషిన్ల కోసం చేసినవి. పిడి 3.175 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ మెషిన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ నిట్టనిలువుగా దిగుతుంది, పక్కకు వెంట్రుకవాసి కూడా కదలదు. కార్బైడ్ చాలా గట్టిది కానీ పెళుసు, అసలు వంగదు. మన చెయ్యేమో ఎంత జాగ్రత్తగా పట్టినా కొంచెం ఊగుతుంది, అంతే, పోయింది. అందుకే తప్పంతా నీ చేతిదనీ అనుకోకు, బిట్ నాసిరకమనీ అనుకోకు, అది చేతిపనికి చేసింది కాదు.

చేత్తో తిప్పేటట్టయితే హెచ్‌ఎస్‌ఎస్, అంటే హైస్పీడ్ స్టీల్ బిట్లు కొను. ఆ స్టీల్ కొద్దిగా వంగి ఓర్చుకుంటుంది, ప్లాస్టిక్‌కూ పలచని ఇత్తడి రేకుకూ అది చాలు. సెట్లు మాత్రం వద్దు. ఇరవై సైజుల సెట్ కొంటే మనం వాడేవి మూడే, అవి విరిగాక మిగతావి పెట్టెలో పడి ఉంటాయి. అదే డబ్బుతో 0.5 పది, 0.8 ఐదు, 1.0 రెండు విడిగా తీసుకో. బంగారు రంగు పూత చూసి కూడా మోసపోకు, పూత కింద ఉన్న స్టీల్ మంచిదో కాదో ఆ రంగు చెప్పదు.

ఇక దొరికే చోటు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే లాభం లేదు, వాళ్లకు గోడకు వేసే బిట్లే అమ్ముడుపోతాయి. బంగారం పని చేసేవాళ్లకు పనిముట్లు అమ్మే చిన్న షాపులు వరంగల్‌లో ఉన్నాయి, నాకు మొదటి మంచి 0.6 అక్కడే దొరికింది, అదీ నగలు చేసే ఒకన్న చెప్తేనే. అక్కడ లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్. పొద్దున కాజీపేటలో రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఆదివారం పోకు, నేను పోయి మూసిన షట్టర్లు చూసి వచ్చాను. అడిసన్, మిరాండా లాంటి మన దేశపు కంపెనీల పేర్లు చెప్పి అడుగు, సైజు కాగితం మీద రాసుకొని పో, నోటితో "పాయింట్ ఫైవ్" అంటే నాకోసారి 5 మి.మీ. ఇచ్చారు.

కొనేటప్పుడు వాచీలు బాగు చేసేవాళ్లు పెట్టుకునే భూతద్దం జేబులో ఉంచుకో. మొనకు రెండు అంచులూ సమానంగా ఉన్నాయా చూడు, ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా ఉంటే రంధ్రం పెద్దదవుతుంది, పక్కకు పోతుంది కూడా. షాపులో అద్దపు కౌంటర్ మీద దొర్లించు, మొన ఎగిరెగిరి తిరిగితే వంకర ఉన్నట్టే. మామూలు 0.5 బిట్ మొత్తం 22 మి.మీ. ఉంటుంది, గాడి భాగం, అంటే మొన దగ్గర మెలికలు తిరిగిన భాగం, 6 మి.మీ. మాత్రమే. గాడి దానికంటే బాగా పొడుగుంటే చేతిపనికి వద్దు.

నాకు ఎక్కువ బిట్లు విరిగింది మాత్రం పిన్ వైజ్ వల్ల, అంటే సన్న బిట్‌ను బిగించి వేళ్లతో తిప్పే చేతి పిడి వల్ల. మొదటిది చవకది, దాని పట్టు సరిగ్గా మధ్యలో లేదు, ఎంత మంచి బిట్ పెట్టినా మొన చిన్న సున్నా చుట్టేది, నేనేమో బిట్ల మీద డబ్బులు పోస్తూ పోయాను. వెనక టోపీ విడిగా తిరిగేది తీసుకో, అరచేతిలో ఆనించి వేళ్లతో తిప్పొచ్చు. బిట్‌ను గాడి దాకా లోపలికి దించి బిగించు, బయట ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

రంధ్రం పెట్టే ముందు సూదితో గుంట చెయ్యి. రెండు చుట్లు తిప్పి బయటికి తీసి పొట్టు దులుపు, మళ్లీ దించు. ప్లాస్టిక్ అయితే బిట్‌కు కొవ్వొత్తి రుద్దు, ఇత్తడి అయితే మిషన్ ఆయిల్ ఒక్క చుక్క. అవతలికి దిగే క్షణంలోనే ఎక్కువగా విరుగుతుంది, అందుకే కింద చెక్కముక్క పెట్టు. మినీ డ్రిల్‌తో ప్లాస్టిక్ జోలికి పోకు, ఎంత తగ్గించినా వేగం ఎక్కువే, ప్లాస్టిక్ కరిగి బిట్‌ను పట్టేస్తుంది.

మిగిలిన ఆ నాలుగు కార్బైడ్ బిట్లు పారెయ్యకు, ఎప్పుడైనా డ్రిల్ స్టాండ్ కొంటే ఇత్తడి మీద అద్భుతంగా పని చేస్తాయి. చేతికడ్డీకి 0.4 తీగే వాడు. అసలు ఇంజన్‌లో కడ్డీ 35 మి.మీ. అనుకుంటే 87తో భాగిస్తే అంతే వస్తుంది, 0.5 రంధ్రంలో జిగురుకు కూడా చోటుంటుంది. 0.5 దొరకకపోతే 0.55 తీసుకో, 0.6 వేస్తే తీగ వదులై కడ్డీలన్నీ తలో వైపు వంగుతాయి.