షోలో ఫస్ట్ వచ్చిన పొట్టేలు, మాంసానికి పెంచే మందకి పనికొస్తుందా?

మీరడిగింది నాకర్థమైంది ఇలా: మీకు 30 గొర్రెలున్నాయి, గొర్రెల పోటీ షోలో ఫస్ట్ వచ్చిన పొట్టేలు ఒకటి అమ్మకానికొచ్చింది, అది కొంటే మాంసానికి పిల్లలూ దిగుతాయి, వాటిల్లో ఒకట్రెండు షోకీ పనికొస్తాయి కదా అని. కొనొచ్చండి, కానీ షోలో ఇచ్చిన రిబ్బన్ చూసి మాత్రం కొనకండి. నేను రిబ్బన్ చూసే కొన్నా, ఒక ఈత సీజన్ అంతా గందరగోళం అయింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

నేను కొన్న పొట్టేలు ఎలా ఉండేదంటే వెన్ను మీద చెంబు పెడితే కదలదు, అంత బల్లపరుపు. నాకప్పుడు 24 గొర్రెలు. తెచ్చిన వారానికే మందలో వదిలేశా. రొమ్ముకి ఎర్ర రంగు పొడి నూనెలో కలిపి పూశా, ఏ గొర్రెని దాటితే దాని నడుం మీద ఆ రంగు అంటుకుంటుంది, మనం పొద్దస్తమానం కాపలా కాయక్కర్లేదు. పదహారు రోజుల్లో 22 గొర్రెలు ఎర్రబడ్డాయి, ఇంకేం, నేను ఈలేసుకుంటూ తిరిగా. గొర్రె దాదాపు 17 రోజులకి మళ్ళీ ఎదకొస్తుంది కాబట్టి 17వ రోజు రంగు నీలానికి మార్చా. చూలు కట్టినవాటికి నీలం పడకూడదు, మహా అయితే నాలుగైదుకి పడాలి. కానీ రోజూ పొద్దున దొడ్డి తలుపు తీస్తే ఒక్కోటీ ఎరుపు మీద నీలం పూసుకుని బయటికొస్తోంది. చివరికి లెక్కపెడితే 19.

డాక్టరు గారొచ్చి వీర్యం పరీక్ష చేస్తే బతికున్న కణాలు బాగా తక్కువ. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, దీనికి రోజుకెంత దాణా పెట్టేవాళ్ళు అని. షో కోసం నెలల తరబడి నడక లేకుండా దాణా మేపితే వృషణాల సంచి మెడ దగ్గర కూడా కొవ్వు పేరుకుంటుందంట, అక్కడ వేడి బయటికి పోవాలి, పోదు, కణాలు ఉడికిపోతాయి. ఇంకో సంగతి, వీర్యకణం తయారవడానికే సుమారు 7 వారాలు పడుతుంది, అంటే నేను డబ్బులిచ్చిన రోజుకే దాని పని అయిపోయి ఉంది. అమ్మినాయన్ని కూడా అనలేను, ఆయన షోకి రెడీ చేశాడు, నేను మందకి కొన్నా. దాణా మెల్లిమెల్లిగా తగ్గించి (ఒక్కసారే ఆపకండి), రోజూ మందతో నడిపిస్తే రెండు నెలల తర్వాత అదే పొట్టేలు బానే కట్టింది, కాకపోతే పిల్లలు మేత లేని రోజుల్లో పుట్టాయి.

కాబట్టి మీరు వెళ్ళేటప్పుడు జేబులో టేపు పెట్టుకెళ్ళండి. సిగ్గుపడొద్దు, సంచి చుట్టుకొలత తీయండి, ఏడాది దాటిన పొట్టేలుకి 30 సెంటీమీటర్లు తగ్గకూడదు, పెద్దదానికి 32 పైన ఉండాలి. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, గడ్డల్లేకుండా ఉండాలి. కింది పళ్ళు పై చిగురుకి సరిగ్గా ఆనాలి, డెక్కల సందుల్లో వాసన రాకూడదు. గొర్రెల్లోకి వదలడానికి కనీసం రెండు నెలల ముందే కొనండి. ముదురు పొట్టేలైతే మీ 30 గొర్రెలకి ఒక్కటి చాలు, ఏడాది లోపు కుర్రదైతే పదిహేను ఇరవైకి మించి పెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతి. రెండోసారి కొన్నప్పుడు ఒకే దొడ్డిలో ఒకే వారంలో పుట్టిన రెండు మగపిల్లలు చూశా. ఒకటి ఒంటి పిల్ల, 100 రోజులకి 34 కిలోలు. ఇంకోటి జంటలోది, 31. చూడ్డానికి మొదటిదే గుండ్రంగా, మెడెత్తి నిలబడింది, షోలో అయితే కళ్ళు మూసుకుని దానికే ఇస్తారు. నేను 31 కిలోలది తెచ్చా. నాతో వచ్చినాయన దారంతా నవ్వాడు. కానీ ఒంటి పిల్ల తల్లి పాలన్నీ తనే తాగింది కదా, జంటలోది పాలు పంచుకుని 31 కొట్టింది, అంటే ఎదుగుదల దాని రక్తంలో ఉంది. పైగా ఆ తల్లి రెండిటికీ కలిపి 60 కిలోల పైన ఇచ్చింది, మాంసానికి పెంచేవాడికి కావాల్సిన లెక్క అది. అయితే జంటలు ఈనే గుణం తల్లి నుంచి పిల్లకి తక్కువగానే వస్తుంది, సుమారు 10 శాతం అనుకోండి, మిగతాదంతా మేత, వయసు. అందుకని ఒక్క ఈత చూసి నమ్మకుండా తల్లివి రెండు మూడు ఈతలు అడగండి. ఎదుగుదల, నడుం కండ అంతకంటే బాగా దిగుతాయి. మీరు ఆడపిల్లల్ని మందలోనే ఉంచుకుని మూడు తరాలు పొట్టేళ్ళు మాత్రమే బయట నుంచి తెస్తే, మందలో 87.5 శాతం రక్తం ఆ మూడు పొట్టేళ్ళదే. ఎంపిక తేడా కొడితే ఇంక దాచడానికేం ఉండదు.

కంటికి బాగుండటం వేరే అనడానికి ఒక ముచ్చట. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో సాలిడ్ గోల్డ్ అని ఒక డోర్సెట్ జాతి పొట్టేలు పుట్టింది. దాని పిల్లల్లో కొన్నిటికి వెనక తొడలు విపరీతమైన కండతో ఉబ్బేవి, కొవ్వు తక్కువ. ఆ జన్యువుకి గ్రీకులో అందమైన పిరుదులు అనే అర్థంతో కాలిపిజ్ అని పేరు పెట్టారు. తీరా వండితే నడుం మాంసం నమలబడదు! సఫోక్, హ్యాంప్‌షైర్ లాంటి నల్లమొహం జాతుల్లో అయితే కాళ్ళు వంకరపోయి పుట్టే సాలీడు పిల్లల జబ్బు 1970ల నుంచి బయటపడింది. తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తేనే పిల్లలో కనపడుతుంది, మోసే పొట్టేలు మాత్రం చూడ్డానికి లక్షణంగా ఉంటుంది. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష ఉంది, ఆ జాతులు కొంటే రిపోర్టు అడగండి.

ఇంతా చెప్పి నేను షోలు మానలేదు, సరదా పోతుందా. ఏటా రెండు మూడు పిల్లల్ని విడిగా పెంచుతా. రెండు నెలల ముందు నుంచి రోజూ నడక, గడ్డం కింద చెయ్యి పెట్టి నిలబెట్టడం అలవాటు చేస్తా. రొమ్ముకి మోకాలు ఆనించి కొంచెం నెడితే పిల్ల ఎదురు నెడుతుంది, అప్పుడు వెన్ను బిగుస్తుంది, సరిగ్గా ఆ టైముకే జడ్జి వేళ్ళు నడుం మీద పడాలి. ఉన్ని ఎంత నీటుగా కత్తిరించినా ఆ వేళ్ళకి పక్కటెముకల మీద కొవ్వు ఎంతుందో తెలిసిపోతుంది. ఒకసారి షోలో పక్కవాళ్ళ కత్తిరింపు మిషన్ అడిగి వాడా, మూడు వారాలకి పిల్లల వీపు మీద గుండ్రంగా తామర, తర్వాత నా మోచేతికి కూడా. అప్పట్నుంచి మిషన్ ఎవరికీ ఇవ్వను, అడగను, షో నుంచి వచ్చినవాటిని, కొత్తగా కొన్నవాటిని 30 రోజులు మందకి దూరంగా కట్టేస్తా.

మేతలో రెండు మాటలే. ఆవుల మినరల్ మిక్చర్ గొర్రెలకి పెట్టకండి, అందులో రాగి ఎక్కువ, మెల్లగా లివర్‌లో చేరి ఒకరోజు గభాల్న చంపేస్తుంది. మగపిల్లలకి గింజలు ఎక్కువైతే మూత్రంలో రాళ్ళు పడతాయి, దాణాలో కాల్షియం ఫాస్ఫరస్‌కి రెండింతలు ఉండేలా చూసుకోండి, తోక ఆడిస్తూ ముక్కుతుంటే ఆ రోజే డాక్టరుకి చూపించండి.

ఆ పొట్టేలు ఒంటిగా పుట్టిందా జంటలోదా, 100 రోజుల తూకం ఎంత, ఎన్నాళ్ళ నుంచి దాణా మీద ఉంది, ఈ మూడూ అమ్మేవాళ్ళని అడగండి. అలాగే మీ 30లో పోయినసారి జంటలు ఎన్ని ఈనాయో, అమ్మేలోపు ఎన్ని పిల్లలు మిగిలాయో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి ఆ పొట్టేలు మీ గొర్రెలకి సరిపోతుందో లేదో చెప్తా.