తెర నల్లబడితే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

ప్రశ్న: ఇంటి కంప్యూటర్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. సిస్టమ్‌ను కొత్త రిలీజ్‌కు మార్చి, తెర మీద విండోలు, బొమ్మలు చూపే ఎక్స్‌ఆర్గ్‌ను అప్‌గ్రేడ్ చేశాక తెర నల్లగానే ఉండిపోతోంది. మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయవలసిందేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అవసరం లేదండీ, దయచేసి ఆ పని చేయకండి. ఎక్స్‌ఆర్గ్ కెర్నెల్‌కు, అంటే సిస్టమ్ గుండెకాయ లాంటి భాగానికి, బయట నడిచే ప్రోగ్రాం. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ చిప్‌లను అది సాధారణంగా అందుకునేది కెర్నెల్‌లో లోడయ్యే డీఆర్‌ఎం మాడ్యూల్ (గ్రాఫిక్స్ డ్రైవర్) ద్వారా. ఈ మాడ్యూల్ వేరే ప్యాకేజీగా వస్తుంది కనుక, కెర్నెల్ మారినా పాతదే మిగిలిపోతే రెంటికీ పొత్తు కుదరక తెర నల్లబడుతుంది. మీ విషయంలో నా మొదటి అనుమానం దీని మీదే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 మీటలు కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కు రండి. అదీ కనిపించకపోతే సింగిల్ యూజర్ మోడ్‌లో (మరమ్మతు కోసం కనీస సేవలతో నడిచే పద్ధతి) బూట్ చేసి, బూట్ సమయపు సెట్టింగులుండే ఆర్‌సీ డాట్ కాన్ఫ్ (/etc/rc.conf) ఫైల్‌లో ఆ మాడ్యూల్‌ను లోడ్ చేసే వరుసకు ముందు హ్యాష్ (#) గుర్తు పెట్టండి, అప్పుడు ఆ వరుస పనిచేయదు. తరువాత ఎక్స్‌ఆర్గ్ లాగ్ ఫైల్ తెరిచి లోపాన్ని సూచించే ‘ఈఈ’ (EE) గుర్తున్న వరుసలు నిదానంగా చదవండి, తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది. మాడ్యూల్‌దే లోపమైతే, కొత్త కెర్నెల్ సోర్స్‌ను దగ్గర పెట్టుకుని పోర్ట్స్ (సోర్స్ నుంచి ప్రోగ్రాంలు తయారుచేసుకునే ఫ్రీబీఎస్‌డీ సంకలనం) నుంచి దాన్ని తిరిగి కంపైల్ చేసుకోండి. డిస్క్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే, ఇకపై ప్రతి అప్‌గ్రేడ్‌కు ముందు ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (తేడా వస్తే తిరిగి బూట్ చేయగల సిస్టమ్ నకలు) తీసి ఉంచండి.