నాయకుడి మాటల్లో తెలివి తెలుస్తుందా? అనుబంధ ప్రశ్న వచ్చేదాకా ఆగి చూడాలి

ఒక రాజకీయ నాయకుడు బహిరంగంగా మాట్లాడే మాటలను బట్టి అతని తెలివితేటలను అంచనా వేయవచ్చా అని మీరు అడిగారు. వాక్యం మధ్యలో తడబడి, సంబంధం లేని మాటతో ముగించిన ఒక నాయకుడి నిమిషం నిడివి వీడియోను ఉదాహరణగా చూపారు. నా సమాధానం ఇది. సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగాన్ని బట్టి ఆ మనిషి తెలివి గురించి దాదాపు ఏమీ తెలియదు. తడబాటును బట్టి తెలిసేది అంతకన్నా తక్కువ. కానీ ముందుగా ఊహించని ప్రశ్నకు, అందులోనూ దాని వెన్నంటి వచ్చే రెండో ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది.

ఇది నా ఉద్యోగం నేర్పిన విషయం. నేను ఒక శాసనసభ సచివాలయంలో రిపోర్టర్‌గా పనిచేశాను. అంటే పత్రికా విలేకరిని కాదు. సభ్యులు పలికిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, తర్వాతి రిపోర్టర్ రాగానే లేచి వెళ్లి, రాసుకున్నదాన్ని రికార్డింగుతో సరిచూసి, సభా కార్యక్రమాల అధికారిక ప్రతిని తయారుచేసే పని నాది. గ్యాలరీలో కూర్చున్నవారు గొంతునూ హావభావాలనూ వింటారు, చూస్తారు. మాకు మిగిలేది మాట ఒక్కటే. చప్పట్లు, బల్లల చరుపులు తీసేశాక కాగితం మీద ఏముందో చూడటమే మా పని కాబట్టి, ఏ ప్రసంగంలో విషయం ఉందో, ఏ ప్రసంగంలో గొంతు మాత్రమే ఉందో త్వరగానే తెలిసిపోతుంది.

మొదట తడబాటు సంగతి చెబుతాను. కాగితం చూడకుండా మాట్లాడే ఏ మనిషి మాటలనైనా ఉన్నదున్నట్టు రాసి చూస్తే, అందులో పూర్తి వాక్యాలు చాలా తక్కువగా ఉంటాయి. ఒక కర్తతో మొదలైన వాక్యం క్రియ దాకా వచ్చేసరికి మరో కర్తకు మళ్లుతుంది, ఒకే మాట మూడుసార్లు వస్తుంది, అసలు చెప్పదలచిన పదం రెండు వాక్యాల తర్వాత గుర్తొస్తుంది. పండితులకూ ఇది తప్పదు. మేము వ్యాకరణం సరిచేసేవాళ్లం. సభ్యులకు కూడా తమ ప్రసంగ ప్రతిని చూసుకుని, భావం మారకుండా, భాషాదోషాలను దిద్దుకునే వీలుండేది. అందువల్ల అచ్చు ప్రతి చదివేవారికి ప్రతి నాయకుడూ ఉన్నదానికంటే క్రమంగా మాట్లాడినట్టు కనిపిస్తాడు. కత్తిరించిన వీడియో చూసేవారికి ఉన్నదానికంటే అయోమయంగా కనిపిస్తాడు. ఈ రెంటిలో దేనిని బట్టీ అతని బుర్ర ఎలాంటిదో చెప్పలేం.

ఇక రాసుకొచ్చిన ప్రసంగాల విషయానికి వస్తే, అవి ఎవరి తెలివికి సాక్ష్యం అన్నదే మొదటి చిక్కు. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ ప్రసంగాల వెనుక వాటిని రాసిచ్చిన టెడ్ సోరెన్సెన్ ఉన్నాడు. అంతకుముందు అధ్యక్షుడిగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు శామ్యూల్ రోజెన్‌మన్, నాటక రచయిత రాబర్ట్ షెర్‌వుడ్ వంటివారు ప్రసంగాలు తయారుచేసి ఇచ్చేవారు. రాసిచ్చినదాన్ని దిద్దుకోవడానికీ, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎంచుకోవడానికీ తెలివి కావాలన్నది నిజమే. అయితే ఆ దిద్దుబాటు వినేవారికి కనిపించదు. తన ప్రసంగాలను తానే రాసుకున్న చర్చిల్ విషయంలో కూడా, మనం వినేది క్షణంలో పుట్టిన మాట కాదు. 1904లో బ్రిటిష్ కామన్స్ సభలో జ్ఞాపకం మీద ఆధారపడి మాట్లాడుతూ ఆయన మధ్యలో మాట గుర్తురాక, ముందుకు సాగలేక కూర్చుండిపోయారు. ఆ తర్వాత వివరమైన నోట్సు లేకుండా ముఖ్యమైన ప్రసంగం చేయడం మానుకున్నారు. ఆ రోజు వీడియో తీసి ఉంటే, మీరు చూసినలాంటి క్లిప్పే అయ్యేది.

ధారాళంగా మాట్లాడటాన్ని తెలివిగా పొరబడటం చదువు లేనివారి బలహీనత అని అనుకోవద్దు. 1970లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అని పేరు పెట్టి, గేమ్ థియరీని (పోటీలో ఎత్తుగడలను గణితంతో విశ్లేషించే శాస్త్రాన్ని) వైద్యవిద్యకు అన్వయించడం అనే అంశం మీద పరస్పర విరుద్ధమైన, అర్థం లేని ఉపన్యాసం నేర్పించి, మానసిక వైద్యులు, విద్యావేత్తల ముందు నిలబెట్టారు. విన్నవారిలో ఎక్కువమంది ఉపన్యాసం బాగుందనే రాశారు. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆత్మవిశ్వాసం, చమత్కారం, కంఠస్వరం కలిస్తే నిపుణులు కూడా విషయం ఉందో లేదో చూడటం మరిచిపోతారని దాన్నిబట్టి తెలుస్తుంది. అటు, పెద్ద పెద్ద మాటలు వాడితే తెలివైనవాడిగా కనిపిస్తాననుకోవడమూ భ్రమే. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ ఓపెన్‌హైమర్ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, అవసరం లేకుండా కఠిన పదాలు వాడిన రచయితలను పాఠకులు తక్కువ తెలివైనవారిగా లెక్కగట్టారు.

మరి ఉద్దేశపూర్వకంగా అయోమయంగా మాట్లాడే నాయకుల మాటేమిటి? ఐజన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన విలేకరుల సమావేశాల్లోని చిక్కుముడి వాక్యాలను చూసి చాలామంది ఆయనను మందమతిగా భావించేవారు. 1955 మార్చిలో, తైవాన్ ఆధీనంలో ఉన్న కెమోయ్, మాత్సు దీవుల కోసం చైనా మీద అణ్వస్త్రాలు వాడతారా అన్న ప్రశ్న రాబోతున్నదని తెలిసి, దాని గురించి ఏమీ మాట్లాడవద్దని విదేశాంగ శాఖ కోరింది. ఆ మాట మోసుకొచ్చిన పత్రికా కార్యదర్శి జేమ్స్ హాగర్టీతో, ఆ ప్రశ్న వస్తే వాళ్లను గందరగోళంలో పడేస్తాను, దిగులు పడవద్దు అని ఐజన్‌హోవర్ చెప్పారు. అన్నట్టే చేశారు. ఆ జవాబు నుంచి ఔననే అర్థం గానీ కాదనే అర్థం గానీ ఎవరూ తీయలేకపోయారు. ఇదే మనిషి 1930లలో జనరల్ మెకార్థర్ దగ్గర పనిచేస్తూ ఆయనకు ప్రసంగాలు రాసిచ్చారు. తర్వాతి కాలంలో ఆయన ఉత్తరాలనూ డైరీలనూ చదివిన ఫ్రెడ్ గ్రీన్‌స్టీన్ వంటి రాజనీతి పండితులు, అందులో కనిపించే స్పష్టతను చూసి పాత అంచనాను తిరగరాశారు. ఒక్క సమావేశం చూసి ఆ మనిషిని అంచనా వేసినవారికి ఈ స్పష్టత ఎక్కడి నుంచి కనిపిస్తుంది?

సభలో మంత్రి చెప్పే జవాబు ఎలా తయారవుతుందో చెబితే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు, అంటే సభలో నోటిమాటగా జవాబు కోరే ప్రశ్నకు, మంత్రి ఇచ్చే మొదటి జవాబు శాఖాధికారులు రాసిచ్చినది. అసలు పరీక్ష దాని తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్నలతో మొదలవుతుంది. వాటిని కూడా ఊహించి అధికారులు ఒక నోట్ తయారుచేసి ఇస్తారు, అప్పటికీ చాలకపోతే అధికారుల గ్యాలరీ నుంచి చీటీలు వస్తాయి. కానీ చీటీ వచ్చేలోపు కొన్ని క్షణాలు మంత్రి ఒంటరిగా ఉంటాడు. నా పెన్సిలు ఆ క్షణాల కోసమే ఎదురుచూసేది.

ఒక మంత్రి గొప్ప వక్త. ఒక ప్రాజెక్టు కింద ఇంత ఆయకట్టుకు నీరిచ్చామని ఆయన జవాబు చదివాక, ఒక సభ్యుడు లేచి, "అధ్యక్షా, ఈ లెక్క కాలువ తవ్విన మేరకా, నీరు పారిన మేరకా?" అని అడిగాడు. మంత్రి రైతు కష్టం గురించి ఎంతో హృద్యంగా మాట్లాడారు. సభ్యుడు మళ్లీ అదే అడిగాడు. మంత్రి మొదటి జవాబులోని పేరానే, ఈసారి గొంతు పెంచి చదివారు. బల్లలు మోగాయి. నేను బయటికి వచ్చి టైపు చేసి చూసుకుంటే, రెండు పేజీల జవాబులో తవ్వినదా పారినదా అన్నదానికి ఒక్క ముక్క కూడా లేదు. ప్రశ్న అర్థమయ్యీ తప్పించుకున్నారా, అసలు అర్థమే కాలేదా అనేది ఆ ఒక్క సందర్భాన్ని బట్టి నేను చెప్పలేను. కానీ సమావేశాల తర్వాత సమావేశాలు, ఏ శాఖ మీద ఏ అనుబంధ ప్రశ్న వచ్చినా ఆయన ఇలాగే కాగితానికి తిరిగి వెళ్లేవారు.

ఇంకో మంత్రి ఉండేవారు. ఆమె గొంతు సన్నం, మాట నెమ్మది, వాక్యాలు సగంలో ఆగిపోయేవి. ఆమె మాటలు రాసుకోవడం మాకు కష్టంగానే ఉండేది. దాదాపు అలాంటి ప్రశ్నే వచ్చినప్పుడు ఆమె కాగితం పక్కన పెట్టి, "అధ్యక్షా, ఈ కాగితంలో ఉన్నది తవ్విన మేరకు. పారినది వేరే. ఆ లెక్క ఈరోజు నా దగ్గర లేదు. తూము తెరిచిన రోజునే నీరు పారినట్టు రాసుకుంటున్నారేమోనని నాకే అనుమానం ఉంది, చివరి పొలాల దగ్గర ఎవరు కొలుస్తున్నారో కనుక్కుని సభకు చెబుతాను" అన్నారు. అడిగిన తేడాను ఆమె పట్టుకున్నారు, తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ విడదీశారు, ఆ అంకె ఎలా పుట్టిందో కూడా ప్రశ్నించారు. అడిగిన సభ్యుడికి ఆ మూడో సంగతి తోచనే లేదు. అయితే ఆ రోజు బయట ప్రచారమైనది "లెక్క నా దగ్గర లేదు" అన్న ముక్క మాత్రమే. తన శాఖ గురించి ఏమీ తెలియని మంత్రిగా ఆమెను చిత్రించారు. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

1992 జూన్‌లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ట్రెంటన్‌లోని ఒక పాఠశాలలో, 'పొటాటో' అనే మాటను సరిగ్గానే రాసిన విద్యార్థి చేత చివర అక్కరలేని 'ఇ' అక్షరం చేర్పించిన ఘటన ప్రపంచమంతా నవ్వుకుంది. ఆయన చేతికి ఇచ్చిన కార్డులో అలాగే ఉంది. కాబట్టి ఆ ఘటన నుంచి స్పెల్లింగు రాని మనిషి అన్న తీర్పు కన్నా, ఎదురుగా బోర్డు మీద ఉన్నదానికీ చేతిలోని కార్డుకూ తేడా వచ్చినప్పుడు కార్డునే నమ్మాడన్న గమనికే ఎక్కువ పనికొస్తుంది. అది కూడా ఒక్క ఘటనే. అలవాటు అనాలంటే మరిన్ని సందర్భాలు చూడాలి.

సరళంగా మాట్లాడేవారికి జరిగే అన్యాయం గురించి కూడా ఒక మాట. ఫలానా నాయకుడి భాష ఫలానా తరగతి పిల్లల స్థాయిలో ఉందని అప్పుడప్పుడు వార్తలు వస్తుంటాయి. దానికి ఎక్కువగా వాడే ఫ్లెష్-కింకెయిడ్ సూత్రం 1975లో అమెరికా నౌకాదళం తన శిక్షణ పుస్తకాలు ఎంత సులభంగా అర్థమవుతాయో చూడటానికి తయారుచేయించుకున్నది. అది వాక్యంలో ఎన్ని పదాలు, పదంలో ఎన్ని అక్షర ధ్వనులు అని లెక్కపెడుతుంది. ఆలోచన ఎంత లోతైనదో దానికి తెలియదు.

దీనికన్నా మెరుగైన కొలత ఒకటి ఉంది. పీటర్ సుయెడ్‌ఫెల్డ్, ఫిలిప్ టెట్‌లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, మాట్లాడేవాడు ఒకే విషయాన్ని ఎన్ని కోణాల నుంచి చూస్తున్నాడు, ఆ కోణాలను ఎలా ముడిపెడుతున్నాడు అని పరిశీలించారు. 1977లో ప్రచురించిన అధ్యయనంలో, 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు దౌత్య సందేశాల్లో ఈ బహుముఖత సంక్షోభం ముదిరేకొద్దీ పడిపోయిందనీ, 1962 క్యూబా క్షిపణి సంక్షోభంలో అలా పడిపోలేదనీ చూపారు. విప్లవ నాయకుల మీద సుయెడ్‌ఫెల్డ్ అంతకుముందే చేసిన మరో పరిశీలనలో, గెలిచాక కూడా అధికారంలో నిలిచినవారు పోరాట కాలంలో ఏకముఖంగా మాట్లాడి, గెలిచాక బహుముఖంగా మాట్లాడినట్టు తేలింది. అంటే అదే బుర్ర, పరిస్థితి మారితే వేరే మాట మాట్లాడుతుంది. ఎన్నికల సభలో వినిపించిన నినాదాన్ని తీసుకుని ఆ మనిషి ఆలోచన ఇంతే అనడం ఎందుకు తప్పో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎదుటి పక్షం వాదనను, ఆ పక్షంవారు కూడా "అవును, మేమనేది అదే" అనేలా చెప్పి, ఆ తర్వాత ఖండించగల నాయకుడిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. సభలో అది అరుదు, కానీ విన్నప్పుడల్లా చెవి నిక్కబొడుచుకునేది.

మాట్లాడకపోవడం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 1991 జూలై 24న, పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప లైసెన్సు విధానాన్ని ఎత్తివేసిన కొత్త పారిశ్రామిక విధానం లోక్‌సభ ముందుకు వచ్చింది. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని తాను ప్రకటించకుండా సహాయ మంత్రి చేత సభ ముందు ఉంచారు. అదే రోజు మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రసంగం మీదికి అందరి దృష్టీ వెళ్లింది. ప్రసంగాలను బట్టి తెలివిని కొలిచేవారి కొలతలో ఆ రోజు పి.వి.కి పడే మార్కులేమీ ఉండవు.

మాటలు దేన్నీ బయటపెట్టవని నేను అనడం లేదు. అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ తనకు అల్జీమర్స్ (జ్ఞాపకశక్తిని హరించే జబ్బు) ఉందని 1994లో ప్రకటించారు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆయన పదవీకాలంలోని విలేకరుల సమావేశాలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్లు గడిచేకొద్దీ ఆయన వాడే వేర్వేరు పదాల సంఖ్య తగ్గి, 'థింగ్' (ఏదో ఒకటి) లాంటి నిర్దిష్టత లేని మాటలు పెరిగాయని తేలింది. ఆయన తర్వాత అధ్యక్షుడైన జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ సమావేశాల్లో అలాంటి మార్పు కనిపించలేదు. వాళ్లు ఎంచుకున్నది రాసుకొచ్చిన ప్రసంగాలను కాదు, అప్పటికప్పుడు చెప్పిన జవాబులను. పోల్చింది ఒక మనిషిని అతని గతంతోనే. పదవిలో ఉండగానే జబ్బు ఉందని దీన్నిబట్టి నిర్ధారించలేమని కూడా వారే జాగ్రత్త చెప్పారు. ఇంత కట్టుదిట్టంగా చేసిన పని కూడా అక్కడికే ఆగినప్పుడు, నిమిషం వీడియో మీద మనం తీర్పు చెప్పడం ఎంతవరకు న్యాయం?

చివరగా, అబద్ధం వేరు, తెలివితక్కువతనం వేరు. తప్పని తెలిసీ, తన మద్దతుదారులకు కావలసింది అదేనని అన్న మాటను బుద్ధిహీనత కింద జమకడితే, ఆ మాట అన్నవాడిని బాధ్యత నుంచి తప్పించినట్టవుతుంది. తెలియక అన్నాడా, తెలిసి అన్నాడా అన్నది తేల్చేది కూడా తర్వాతి ప్రశ్నే. అసలు వివరం ముందు పెట్టినప్పుడు తెలియనివాడు ఆగి అడుగుతాడు, తెలిసినవాడు విషయం మారుస్తాడు. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని చెప్పలేను గానీ, నేను విన్నంతలో చాలాసార్లు ఇలాగే జరిగింది.

మీరు చూపిన వీడియో విషయంలో నా సలహా ఒకటే. ఆ నాయకుడిని అడిగిన ప్రశ్న ఏమిటో, ఆ తడబాటు తర్వాత ఎవరైనా మరో ప్రశ్న వేశారో లేదో పూర్తి రికార్డింగులో చూడండి. ప్రశ్న వేసి ఉంటే ఆ జవాబును కాగితం మీద రాసి, గొంతు లేకుండా చదవండి. అలాంటి మరికొన్ని సందర్భాలను కూడా పక్కన పెట్టుకుని చూడండి. ఆయన ఎప్పుడూ ప్రశ్నలు తీసుకోని నాయకుడైతే, ఆయన తెలివి గురించి చెప్పడానికి మీ దగ్గర గానీ నా దగ్గర గానీ ఆధారం లేదు. ఎందుకు తీసుకోవడం లేదని అడిగే హక్కు మాత్రం మీకు ఉంది.